జూన్ 15 ఈమెయిల్ హాస్టల్ గేటు దగ్గరే ఆగిపోతోంది

తిరుపతి, చిత్తూరు జిల్లాల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో మన టెన్నిస్ కోర్టుల్లో ఏటా ఒకటే తంతు. ఏడెనిమిదేళ్లు కష్టపడి ఆడిన పిల్లల రాకెట్లు అటకెక్కుతాయి. ట్రంకు పెట్టె, దుప్పటి, బకెట్‌తో పిల్లలు మీ హాస్టళ్లకు వస్తారు. తల్లిదండ్రులు మాతో అనే మాట కూడా ఒకటే: "రెండేళ్లు ఇంటర్ కానీండి సార్, ఆ తర్వాత చూద్దాం." రెండేళ్లయ్యాక చూడడానికి ఏమీ మిగలడం లేదు. ఎందుకు మిగలడం లేదో, మీ చేతుల్లో ఏముందో చెప్పడానికే ఈ లేఖ. మేము ఈ రెండు జిల్లాల్లో టెన్నిస్ నేర్పేవాళ్లం. పిల్లల్ని అమెరికా కాలేజీ జట్లకు పంపే కాగితాల పని దగ్గరుండి చూసేవాళ్లం.

అమెరికాలో కాలేజీ టెన్నిస్ అంటే మన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లా ఏడాదికోసారి జరిగిపోయేది కాదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వ్యక్తిగత టోర్నీలు, జనవరి నుంచి మే దాకా జట్టు మ్యాచ్‌లు. అక్కడ కాలేజీ ఆటలను నడిపే ప్రధాన సంఘం ఎన్‌సీఏఏ. అందులో మూడు డివిజన్లున్నాయి. అవి కాక ఎన్‌ఏఐఏ అనే మరో సంఘం కాలేజీలు, రెండేళ్ల కోర్సులుండే ఎన్‌జేసీఏఏ కాలేజీలు వేరే ఉన్నాయి. ఈ జట్లలో విదేశీ పిల్లలు పెద్ద సంఖ్యలో ఆడుతున్నారు. భారత ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరుసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాడు. మన రాష్ట్రం నుంచి సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. అనంతపురం అమ్మాయి సహజ యమలపల్లి టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో ఆడి, ఆ తర్వాత ప్రొఫెషనల్ టోర్నీలకు వెళ్లింది. అనంతపురం మనకు పరాయి ఊరేమీ కాదు. అక్కడి ఎండే ఇక్కడిదీ.

అసలు విషయం తేదీల్లో ఉంది. ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం డివిజన్ 1 టెన్నిస్ కోచ్‌లు ఒక విద్యార్థికి ఈమెయిల్ చేయడానికి, ఫోన్‌లో మాట్లాడడానికి అనుమతి మొదలయ్యేది ఆ విద్యార్థి పదో తరగతి పూర్తి చేసిన ఏడాది జూన్ 15న. అంతకుముందు పిల్లలు రాసినా వాళ్లు సరైన జవాబు ఇవ్వడానికి లేదు. మన పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరం క్లాసులో కూర్చునేదీ ఆ జూన్‌లోనే. అంటే అక్కడి కోచ్‌లు పిల్లల్ని వెతికే రెండేళ్లు, మన పిల్లలు హాస్టల్లో ఉండే రెండేళ్లు, సరిగ్గా ఒకటే. ఫోన్ వార్డెన్ బీరువాలో ఉంటుంది, ఈమెయిల్ చూసేవాళ్లుండరు. కోచ్ రెండుసార్లు రాసి, జవాబు రాకపోతే వేరే దేశం పిల్లవాడికి రాస్తాడు. అతని తప్పేమీ లేదు, అతని జాబితాలో అలాంటి పేర్లు చాలానే ఉంటాయి.

ఫోన్లు ఇచ్చేయమని మేము అడగడం లేదు. హాస్టల్లో ఫోన్ ఎంత చేటో మీకంటే మాకు ఎక్కువ తెలియదు. వారానికి రెండుసార్లు, ఆఫీసు కంప్యూటర్ దగ్గర అరగంట ఈమెయిల్ చూసుకోనివ్వండి. కాల్ వచ్చే రోజున స్టడీ అవర్ నుంచి పంపండి. న్యూయార్క్ వైపు టైమ్‌కూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అక్కడ కోచ్ ఉదయం పది గంటలకు ఫోన్ చేస్తే మనకు రాత్రి ఏడున్నర లేదా ఎనిమిదిన్నర. అది కచ్చితంగా మీ స్టడీ అవర్ సమయమే. ఏడాది మొత్తం మీద ఇలాంటి కాల్స్ పదో పదిహేనో వస్తాయి, అంతే. ప్రిన్సిపాల్ గారి గదిలో, తలుపు తీసిపెట్టి మాట్లాడించినా మాకు అభ్యంతరం లేదు. తండ్రి పక్కన కూర్చుని జవాబులు చెప్పకుండా ఉంటే చాలు. పిల్లవాడు తనంతట తాను మాట్లాడగలడా, ఇల్లు వదిలి నాలుగేళ్లు ఉండగలడా అన్నదే కోచ్ ఆ కాల్‌లో చూసేది.

ఇక ఆట సంగతి. కోచ్‌లు ముందుగా చూసేది యూటీఆర్ అనే రేటింగ్. అది 1 నుంచి 16.50 దాకా ఉంటుంది. ఎవరితో ఆడారు, ఎన్ని గేములు గెలిచారు అన్నదాని మీద లెక్క వస్తుంది, గెలుపోటములు ఒక్కటే కాదు. గట్టి ఆటగాడితో 4-6, 4-6తో ఓడినా రేటింగ్ పెరగవచ్చు. బలహీనుడితో 6-4, 6-4తో గెలిచినా తగ్గవచ్చు. మీరు గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ లెక్కలోకి వచ్చేవి గత పన్నెండు నెలల మ్యాచ్‌లే, అందులోనూ చివరి ముప్పై. పదో తరగతి వేసవిలో చివరి టోర్నీ ఆడిన పిల్లవాడికి ఇంటర్ రెండో సంవత్సరం మొదలయ్యేసరికి లెక్కలో ఒక్క మ్యాచ్ కూడా ఉండదు. కోచ్ పేరు వెతికితే నమ్మదగిన అంకె కనబడదు. అన్నేళ్ల సాధన అలా కనిపించకుండా పోతుంది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) వాళ్ల వరల్డ్ టెన్నిస్ నంబర్ అనే మరో కొలమానం కూడా ఉంది. అది తిరగేసిన లెక్క, 40 నుంచి 1 వైపు దిగుతుంది. దానికీ కొత్త మ్యాచ్‌లే ఆధారం.

కాబట్టి మ్యాచ్‌లు కావాలి. "ఆదివారం ఔటింగ్ ఇస్తున్నాం కదా, ఆడుకోండి" అంటే సరిపోదు. ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ జూనియర్ టోర్నీల్లో సాధారణంగా శని, ఆదివారాలు క్వాలిఫయింగ్, సోమవారం నుంచి మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ. మనకు దగ్గర చెన్నై, బెంగళూరు. తిరుపతి వాళ్లు పొద్దున రైలెక్కితే చెన్నై చేరతారు. చిత్తూరు వాళ్లకు రెండు ఊళ్లూ బస్సు దూరమే. ప్రయాణంతో కలిపి ఒక టోర్నీకి ఆరు రోజులు వేసుకోండి. ఏడాదికి నాలుగు టోర్నీలంటే ఇరవై నాలుగు రోజులు. పని దినాలు 220 అనుకుంటే, 75 శాతం హాజరుకు 165 రోజులు చాలు. టోర్నీలన్నీ పోయినా 196 రోజులుంటాయి, అంటే 89 శాతం. జ్వరాలు, పండగలు కలుపుకున్నా బోర్డు హాజరు నిబంధనకు ఇబ్బంది రాదు. ఎంట్రీలు రెండు మూడు వారాల ముందే వేయాలి కాబట్టి తేదీలు మేమే ముందుగా మీ చేతికిస్తాం. మీ వీక్లీ టెస్టులతో పోల్చి, ఏది వదులుకోవాలో మీరే చెప్పండి. పబ్లిక్ పరీక్షలకు ముందు రెండు నెలలు ఏ టోర్నీకీ అడగం.

రోజువారీ సాధనకు మేము కోరేది పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, వారానికి ఐదు రోజులు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర సాయంత్రం ఐదింటికి కూడా సిమెంటు కోర్టు మీద నిలబడలేం, బంతి కూడా వేడికి పైకి లేస్తుంది. అందుకే పొద్దుటి వేళే మేలు. ఆ పిల్లలకు టిఫిన్ ఎనిమిదింటికి దొరకాలి. రెండు ఉడికించిన గుడ్లో, గుప్పెడు నానబెట్టిన చెనిక్కాయలో అదనంగా పెడితే అంతకంటే ఏమీ అక్కర్లేదు.

డబుల్స్ గురించి ఒక మాట. మన జూనియర్లు డబుల్స్‌ను చిన్నచూపు చూస్తారు, మేమూ సరిగా నేర్పలేదని ఒప్పుకోవాలి. అక్కడ జట్టు మ్యాచ్‌లో ఏడు పాయింట్లుంటాయి. ముందు మూడు డబుల్స్, ఒక్కొక్కటి ఆరు గేముల ఒకే సెట్. మూడింట్లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింట్. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కో పాయింట్. నాలుగు ముందు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. డ్యూస్ దగ్గర అడ్వాంటేజ్ ఉండదు, 40-40 అయితే తర్వాతి పాయింట్ ఎవరిదైతే గేమ్ వాళ్లదే. వెనక నిలబడి ముప్పై షాట్లు ఆడడం ఒక్కటే తెలిసిన పిల్లవాడికి ఈ పద్ధతి కష్టం. సర్వీసు, రిటర్ను, వాలీ ఈ మూడూ గట్టిగా ఉండాలి.

వీడియో దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. పాట పెట్టి, మంచి షాట్లన్నీ ఏరి కుట్టిన మూడు నిమిషాల వీడియో కోచ్‌కు పనికిరాదు. బేస్‌లైన్ వెనక, కంచెకు పైభాగాన ఫోన్ కట్టాలి, మధ్య గీతకు నేరుగా. అవతలి బేస్‌లైన్ కూడా కనబడాలి. తక్కువ ఎత్తులో పెడితే నెట్ అడ్డొచ్చి బంతి లోతు తెలియదు. మొదట ఒక నిమిషం గ్రౌండ్ స్ట్రోక్స్, వాలీలు, సర్వీసు. తర్వాత పది పన్నెండు నిమిషాలు నిజమైన మ్యాచ్, పాయింట్ల మధ్య ఖాళీ మాత్రం తీసేసి, ఓడిన పాయింట్లు ఉంచి. ఓడిన తర్వాత పిల్లవాడి భుజాలు వాలిపోయాయా, రాకెట్ విసిరాడా అని కూడా కోచ్ చూస్తాడు. ఎదుటి ఆటగాడి యూటీఆర్ వీడియో కింద రాయాలి. ఇక ఈమెయిల్‌లో పేరు, ఇంటర్ పూర్తయ్యే సంవత్సరం, రేటింగ్, ఆలిండియా ర్యాంకు, మార్కులు, వచ్చే మూడు నెలల టోర్నీలు, వీడియో లింకు ఉంటే చాలు. అయిదు వాక్యాలు దాటకూడదు. ఒకే లేఖను వంద కాలేజీలకు పంపి, పైన కాలేజీ పేరు మార్చడం మరిచిపోతే ఆ కాలేజీ సంగతి అక్కడితో సరి.

మీ ఆఫీసు వాళ్లు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలి. డివిజన్ 1, 2లో ఆడాలంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు కావాలి. వాళ్లు 9 నుంచి 12 తరగతుల చదువు చూస్తారు. మొత్తం పదహారు కోర్ కోర్సులు కావాలి, ఒక ముఖ్య సబ్జెక్టు ఒక ఏడాది చదివితే ఒకటి. డివిజన్ 1కు నాలుగేళ్ల ఇంగ్లిష్, మూడేళ్ల లెక్కలు, రెండేళ్ల సైన్స్, రెండేళ్ల సోషల్, మిగతావి అదనం. ఈ కోర్సుల మార్కుల సగటు, 4 పాయింట్ల లెక్కలో, డివిజన్ 1కు 2.3, డివిజన్ 2కు 2.2 ఉండాలి. శాట్ అనే ప్రవేశ పరీక్ష తప్పనిసరి అన్న షరతును ఎన్‌సీఏఏ 2023లో తీసేసింది, అయితే కొన్ని యూనివర్సిటీలు తమ అడ్మిషన్‌కు ఇంకా అడుగుతాయి, మెరిట్ స్కాలర్‌షిప్‌కూ అది ఉపయోగం. ఎంపీసీ పిల్లలకు పదహారు లెక్క సులువుగా కుదురుతుంది. ఇంటర్‌లో సోషల్ లేకపోయినా 9, 10 తరగతులది ఉంది. చిక్కల్లా బైపీసీ, సీఈసీ పిల్లలకు. వాళ్లకు లెక్కలు 9, 10లో మాత్రమే ఉంటాయి, మూడో ఏడాది తక్కువ పడుతుంది. టెన్నిస్ ఆడే పిల్లవాడు అడ్మిషన్‌కు వచ్చినప్పుడు గ్రూపు రాసేముందే ఈ మాట చెప్పండి. రెండేళ్లయ్యాక చెబితే చేయగలిగింది చాలా తక్కువ.

తొమ్మిదో తరగతి మార్కుల కాగితం అన్నింటికంటే ఎక్కువ ఏడిపిస్తుంది. మన దగ్గర తొమ్మిదో తరగతికి బోర్డు మెమో ఉండదు, స్కూలు రిజిస్టరే ఆధారం. స్కూలు మూతపడినా, యాజమాన్యం మారినా దొరకదు. టీసీ తీసుకునే రోజే హెడ్మాస్టరు సంతకం, సీలుతో సబ్జెక్టుల వారీ మార్కుల జాబితా ఇంగ్లిష్‌లో తీసుకోవాలి, రెండు మూడు ప్రతులు. మీ కాలేజీ తరఫున కావాల్సింది ఇంటర్ రెండేళ్ల మార్కులు, ఏ సబ్జెక్టులు చదివారో తెలిపే లేఖ, చదువు ఇంగ్లిష్ మీడియంలో సాగిందన్న ధ్రువపత్రం. ఇవన్నీ కాలేజీ సొంత ఈమెయిల్ నుంచి వెళ్లాలి. జీమెయిల్ నుంచి వస్తే కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు.

పేర్ల తగాదా మనది మాత్రమే. పదో తరగతి మెమోలో "కె. వెంకట సాయి", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడదీసి, టోర్నీ రిజిస్ట్రేషన్‌లో "సాయి వెంకట్". మూడూ ఒకే పిల్లవాడివని అక్కడి ఆఫీసుకు ఎవరు చెప్పాలి? టోర్నీ పేరు, రేటింగ్ పేరు, పాస్‌పోర్టు పేరు అక్షరం తేడా లేకుండా ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేసుకోవాలి. మీ అడ్మిషన్ ఫారంలో పాస్‌పోర్టు పేరుకు ఒక గడి పెట్టినా పెద్ద సాయమే.

లాంగ్ టర్మ్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఇంటర్ అయ్యాక ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టడం మన దగ్గర మామూలు. డివిజన్ 1 టెన్నిస్‌లో మాత్రం, ఇంటర్ పూర్తయిన ఆరు నెలల్లోగా, లేదా ఆ తర్వాత వచ్చే మొదటి సెమిస్టర్‌కు, కాలేజీలో చేరాలన్న నిబంధన అమలులో ఉంటూ వచ్చింది. అది దాటాక చేరకుండా టోర్నీలు ఆడుతుంటే ఆడగలిగే నాలుగు సీజన్లలో ఒకటి పోతుంది, చేరాక ఒక ఏడాది బెంచీ మీద కూర్చోవాల్సీ వస్తుంది. "ముందు ఇక్కడ బీటెక్ సీటు పట్టుకుని ఉందాం, వీసా వస్తే వెళ్దాం" అనేదీ అంత సురక్షితం కాదు. ఏ దేశంలోనైనా డిగ్రీలో పూర్తి స్థాయి విద్యార్థిగా చేరితే ఆడడానికి ఎన్‌సీఏఏ ఇచ్చే గడువు అక్కడి నుంచే తరగడం మొదలవుతుంది. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి. ఏ ఏడాది పిల్లలకు ఆ ఏడాది నిబంధన చూడాల్సిందే. మీ లాంగ్ టర్మ్ కౌన్సెలర్లు ఒక ఆటగాడిని చేర్చుకునేముందు మాతో ఒక్కమాట మాట్లాడాలని మా విన్నపం.

డబ్బు సంగతి తల్లిదండ్రులు మిమ్మల్నీ అడుగుతారు. "టెన్నిస్ ఆడితే అంతా ఫ్రీ" అన్న మాట చాలామంది విషయంలో నిజం కాదు. పాత పద్ధతిలో డివిజన్ 1 అమ్మాయిల జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు, అబ్బాయిల జట్టు మొత్తానికి నాలుగున్నర. ఆ నాలుగున్నరనే ఎనిమిది పది మందికి పంచేవారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన యూనివర్సిటీలకు ఈ పరిమితి పోయింది, బదులుగా జట్టులో పది మందికి మించకూడదన్న హద్దు వచ్చింది. ఇవ్వాలనుకుంటే పది మందికీ ఇవ్వచ్చు, ఇవ్వకపోనూవచ్చు. జట్టు చివరన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు దొరికే చోటు మాత్రం తగ్గింది. డివిజన్ 3లో, హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్ అసలుండదు, చదువుకు, ఇంటి ఆదాయానికి తగ్గ సాయం ఉంటుంది. ఎన్‌ఏఐఏ కాలేజీలను మన వాళ్లు పట్టించుకోరు. తమిళనాడు కుర్రాడు దక్షిణేశ్వర్ సురేశ్ జార్జియా గ్విన్నెట్ అనే ఎన్‌ఏఐఏ కాలేజీలో మొదలుపెట్టి వేక్ ఫారెస్ట్‌కు మారి, 2025లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచిన జట్టులో ఆడాడు.

లెక్క ఒకటి వేసి చూపిస్తాం. ఏడాది ఖర్చు మొత్తం 45,000 డాలర్లు అనుకోండి. టెన్నిస్ కింద సగం, అంటే 22,500. మార్కుల మీద మెరిట్ 10,000. మిగిలేది 12,500. ఇంత డబ్బు బ్యాంకులో ఉన్నట్టు చూపిస్తేనే యూనివర్సిటీ వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇస్తుంది. మెరిట్ భాగం మీ ఇంటర్ మార్కుల నుంచే వస్తోందని గమనించండి, అంటే పిల్లవాడి ఫీజులో మీ లెక్చరర్ల పాలు కూడా ఉంది. విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు, హెల్త్ ఇన్సూరెన్స్, విమాన టికెట్ వేరు. గది, భోజనం కింద వచ్చే స్కాలర్‌షిప్ మీద ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వెళ్లినవాళ్లకు సాధారణంగా 14 శాతం పన్ను పట్టుకుంటారు. 12,000 డాలర్లకు 1,680. గడువులోగా రిటర్న్ వేస్తే కొంత వెనక్కి రావచ్చు, ముందు మాత్రం జేబులోంచి పోతుంది. కాగితం మీద "50 శాతం" అని ఉంటే దేనిలో 50 అని అడగాలి. ట్యూషన్‌లోనా, మొత్తం ఖర్చులోనా? ఒక ఏడాదికా, నాలుగేళ్లకా? గాయమైతే ఆ సాయం ఉంటుందా? పెద్ద స్కాలర్‌షిప్ అని నోటిమాటగా చెప్పడం వేరు, సంతకం పెట్టిన కాగితం వేరు.

మీ క్యాంపస్‌లకు వచ్చే ఏజెంట్ల విషయంలో జాగ్రత్త పడండి. "ఇప్పించిన స్కాలర్‌షిప్‌లో పది శాతం ఇస్తే చాలు" అనేవాళ్లను గేటు లోపలికి రానివ్వకండి. నిర్ణీత రుసుము తీసుకునే సేవలకు ఎన్‌సీఏఏ అడ్డు చెప్పదు. స్కాలర్‌షిప్ వస్తే ఇంత అని తీసుకుంటే మాత్రం వాళ్లను ఏజెంటుగా లెక్కేస్తుంది, పిల్లవాడి అర్హతే పోవచ్చు. టోర్నీల్లో గెలిచిన ప్రైజ్ మనీ విషయంలోనూ జాగ్రత్త కావాలి. ప్రతి రూపాయికీ, ప్రతి ప్రయాణ ఖర్చుకీ రసీదు దాచుకోవాలి. ఎన్‌సీఏఏ ప్రైజ్ మనీ నిబంధన మీద 2024 నుంచి అమెరికా కోర్టులో వ్యాజ్యం కూడా నడిచింది కాబట్టి, ఎలిజిబిలిటీ సెంటర్‌ను అడిగాకే డబ్బు ముట్టుకోవడం మంచిది. అక్కడికి వెళ్లాక పేరూ ఫొటో వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే డబ్బు అమెరికన్ పిల్లలకు మామూలు. ఎఫ్-1 వీసాతో అది తీసుకుంటే వీసాకే ముప్పు రావచ్చు.

అక్కడ జీవితం సుఖమని మేము ఏ పిల్లవాడికీ చెప్పం. సీజన్‌లో వారానికి ఇరవై గంటలు ఆట, సెమిస్టర్‌కు కనీసం పన్నెండు క్రెడిట్ల చదువు. రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60 శాతం పూర్తికావాలి, లేకపోతే ఆడనివ్వరు. మధ్యాహ్నం ల్యాబులు ప్రాక్టీసుకు అడ్డొస్తాయి కాబట్టి ఇంజినీరింగ్ తీసుకునేవాళ్లు చేరకముందే కోచ్‌తో టైమ్‌టేబుల్ మాట్లాడుకోవాలి. ఈ క్రమశిక్షణ మీ హాస్టల్లో పెరిగిన పిల్లలకు కొత్త కాదు. పొద్దున ఐదింటికి లేవడం, గంట కొడితే పుస్తకం పట్టడం మీరే నేర్పారు. వాళ్లకు తక్కువైంది మ్యాచ్‌లు, ఈమెయిల్, సమయానికి కాగితం. ఈ మూడూ మీ చేతిలో పని.

ఈ వేసవి అడ్మిషన్లలో మీ దగ్గరికి వచ్చే ఆటగాళ్ల పేర్లు, గ్రూపు, పాస్‌పోర్టు ఉందా లేదా అన్న వివరాలు జూన్ మొదటి వారంలో మాకు ఇవ్వండి. మీ ఫిజికల్ డైరెక్టరుతో కూర్చుని ప్రతి పిల్లవాడికీ ఏడాది టోర్నీ క్యాలెండరు, కోర్ కోర్సుల పట్టిక తయారుచేసి జూన్ 15 లోపు మీ టేబుల్ మీద పెడతాం. అందుకు ఏ రుసుమూ తీసుకోం. ఏ కాలేజీకి ఎప్పుడు రావాలో చెప్పండి, పొద్దుటి కోర్టు ముగియగానే వస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల టెన్నిస్ కోచ్‌లు